పదం తప్పితే సలహా తప్పుతుంది: భౌతిక భూగోళ పారిభాషిక పదాలు, విస్తరణ రంగంలో వాటి ప్రయోజనం

హైదరాబాదులోని యూసుఫ్‌గూడ, అమీర్‌పేట ప్రాంతాల వసతిగృహాల్లో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థుల్లో వ్యవసాయ పట్టభద్రులు కూడా ఉంటారు. వ్యవసాయాధికారి, విస్తరణాధికారి ఉద్యోగాల కోసం చదివే వీరు భూగోళశాస్త్ర భాగంలో శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణం, శీతోష్ణస్థితి, వర్షచ్ఛాయా ప్రాంతం, ఉప్పెన వంటి పదాలను నిర్వచనాలతో సహా కంఠస్థం చేస్తారు. పరీక్షలో ఒక పదానికి బదులు మరొకటి గుర్తిస్తే పోయేది ఒక్క మార్కు. ఉద్యోగంలో చేరిన తరువాత అదే పొరపాటు గ్రామసభలో జరిగితే రైతుకు ఒక పంటకాలం నష్టం కావచ్చు.

ప్రతి పారిభాషిక పదం ఒక ప్రక్రియకు పేరు. ప్రక్రియ ఏదో తేలితేనే నివారణ ఏదో తేలుతుంది. ఒకదానికొకటి దగ్గరగా కనిపించే రెండు పదాల మధ్య తేడా చెరిగిపోయినప్పుడు, రెండు వేర్వేరు సమస్యలకు ఒకే సలహా ఇచ్చే ప్రమాదం ఏర్పడుతుంది. శిలలు, శీతోష్ణస్థితి, సముద్రతీరం అనే మూడు రంగాల్లో తరచుగా కలగలిసిపోయే కొన్ని పదాలను తెలుగు నేలపై ఉన్న ఉదాహరణలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణం

యూసుఫ్‌గూడకు ఆనుకొని ఉన్న జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ గుట్టలు, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంలోని బండలు అతి ప్రాచీనమైన గ్రానైట్ శిలలు. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన గుండ్రని బండలను చూసి, గాలీ వానా వాటిని అరగదీశాయని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఆ గుండ్రదనంలో అధికభాగం భూమి లోపలే ఏర్పడింది. గ్రానైట్‌లో నిలువుగా, అడ్డంగా ఉండే పగుళ్ల వెంట నీరు దిగి, రాతిని అన్ని వైపుల నుంచి మెత్తబరుస్తుంది. మూలలకు రెండు మూడు ముఖాల నుంచి నీరు తగులుతుంది కనుక అవి ముందుగా చివికిపోతాయి. మధ్యభాగం గట్టిగా, గుండ్రంగా మిగులుతుంది. ఇది శైథిల్యం. ఆ తరువాత చుట్టూ ఉన్న చివికిన పదార్థాన్ని వాననీరు కొట్టుకుపోగా బండలు బయటపడ్డాయి. ఇది క్రమక్షయం. కొట్టుకుపోయిన మట్టి పల్లంలో, చెరువు అడుగున, వాగు ఒడ్డున నిలవటం నిక్షేపణం.

శైథిల్యంలో శిల ఉన్నచోటే ఉండి మారుతుంది. క్రమక్షయంలో పదార్థం స్థానం మారుతుంది. ఈ ఒక్క భేదం గుర్తుంటే రెండు పదాలూ ఎన్నడూ కలగలవవు.

శైథిల్యం మూడు విధాలుగా జరుగుతుంది. ఉష్ణోగ్రత మార్పు, పీడనం తొలగటం, పగుళ్లలో లవణాలు స్ఫటికాలుగా మారటం వంటివి భౌతిక శైథిల్యానికి కారణాలు. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు వల్ల ఏర్పడే బలహీన ఆమ్లం గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టి ఖనిజంగా మార్చటం రసాయనిక శైథిల్యం. వేర్లు పగుళ్లలోకి చొచ్చుకుపోవటం, శిలపై పెరిగే లైకెన్లు ఆమ్లాలను విడుదల చేయటం జైవిక శైథిల్యం. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ మాత్రం సులభంగా మారదు. ఇసుక రేణువులుగా మిగులుతుంది. ఇనుము ఆక్సీకరణం చెంది ఎరుపు రంగునిస్తుంది. తెలంగాణ రైతు 'చెలక' అని పిలిచే తేలికపాటి ఎర్రనేల ఈ విధంగా పుట్టింది. అందులోని గరుకు ఇసుక, తక్కువ బంకమట్టి, తక్కువ నీటి నిల్వ సామర్థ్యం అన్నీ తల్లి శిల నుంచి సంక్రమించిన గుణాలే. దక్కను పీఠభూమిలోని బసాల్ట్ శిలలో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. అందువల్ల దాని నుంచి బంకమట్టి అధికంగా గల నల్లరేగడి ఏర్పడుతుంది.

ఈ భేదం విస్తరణ కార్యకర్తకు ఎందుకు ముఖ్యం? శైథిల్యం నేలను పుట్టిస్తుంది. క్రమక్షయం దానిని హరిస్తుంది. మొదటిది శతాబ్దాల లెక్కలో సాగుతుంది. రెండవది ఒక సాయంత్రపు వానలో జరిగిపోతుంది. దేశంలో ఏటా హెక్టారుకు సగటున 16.35 టన్నుల మట్టి కొట్టుకుపోతున్నదని 1983లో వెలువడిన అంచనా నేటికీ విస్తృతంగా ఉదహరింపబడుతున్నది. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు మందం గల మట్టి పొర 10 ఘనపు మీటర్లు, అంటే సుమారు 13 నుంచి 15 టన్నులు. కాబట్టి ఆ అంచనా ప్రకారం ఏటా పోతున్నది ఒక మిల్లీమీటరుకు కొంచెం పైబడిన పొర మాత్రమే. కంటికి ఆనని ఈ మందమే ప్రమాదం. పదేళ్లలో అది ఒక సెంటీమీటరును మించుతుంది. అంత మట్టి తిరిగి ఏర్పడటానికి కొన్ని తరాలు చాలవు. 'నేల అరిగిపోతున్నది' అని మాత్రమే చెబితే అది సహజమేనని రైతు ఊరుకోవచ్చు. 'పుట్టే వేగం కంటే పోయే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ' అని చెప్పినప్పుడు వాలుకు అడ్డంగా దున్నటం, గట్లు వేయటం, నేలపై చెత్తాచెదారాన్ని ఆచ్ఛాదనగా ఉంచటం ఎందుకు అవసరమో బోధపడుతుంది.

ఎడారి శైథిల్యం: ఎండ ఒక్కటే కారణమా?

ఎడారుల్లో పగటి వేడికి శిల వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడిపోతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం బోధించాయి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ గ్రిగ్స్ 1936లో ప్రకటించిన ప్రయోగం ఈ అభిప్రాయాన్ని కదిలించింది. ఆయన నునుపు చేసిన గ్రానైట్ ముక్కను సుమారు 110 సెల్సియస్ డిగ్రీల తేడాతో 89,400 సార్లు వేడిచేసి చల్లార్చారు. రోజుకొకసారి చొప్పున లెక్కిస్తే ఇది 244 సంవత్సరాల ఎడారి వాతావరణంతో సమానం. పొడిగా ఉన్నంతకాలం రాతిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. చల్లార్చటానికి నీటిని వాడినప్పుడు రెండున్నర సంవత్సరాలకు సమానమైన స్వల్ప వ్యవధిలోనే పగుళ్లు కనిపించాయి. ఆ చిన్న ముక్క సహజ శిలలోని ఒత్తిళ్లకు పూర్తి ప్రతినిధి కాదనే విమర్శలు తరువాత వచ్చాయి. ఉష్ణోగ్రత మార్పు పాత్రను నేటికీ కొట్టివేయలేదు. అయినా మంచు రూపంలోనో, అరుదైన వాన రూపంలోనో అందే కొద్దిపాటి తేమ ఎడారిలో సైతం శైథిల్యానికి ముఖ్య కారకమని ఈ ప్రయోగంతో స్పష్టమైంది.

గ్రానైట్ గుట్టలపై పెద్ద పలకలు ఊడిపోవటానికి మరొక కారణం కూడా ఉంది. లోతున ఏర్పడిన శిలపై నుంచి పైపొరల బరువు తొలగిపోయినప్పుడు అది స్వల్పంగా వ్యాకోచించి ఉపరితలానికి సమాంతరంగా పగులుతుంది. ఎక్స్‌ఫోలియేషన్ అని పిలిచే ఈ పలకలూడే ప్రక్రియకు ఎడారే అవసరం లేదు; జూబ్లీహిల్స్ బండలపైనా దానిని చూడవచ్చు.

ఎడారిలోనూ తీరంలోనూ ఒకే విధంగా జరిగేది లవణ శైథిల్యం. లవణాలు కరిగిన నీరు రాతి రంధ్రాల ద్వారా పైకి వచ్చి ఆవిరైనప్పుడు లవణాలు లోపలే స్ఫటికాలుగా పెరిగి రేణువులను విడదీస్తాయి. సముద్రం పక్కనున్న ఇంటి గోడల గిలాబు పొడిపొడిగా రాలటం ఇదే. భూగర్భజల మట్టం పైకి వచ్చిన పొలంలో వేసవినాటికి తెల్లని పొర తేలటంలోనూ పనిచేసే సూత్రం ఇదే: నీరు పైకెక్కి ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది.

గాలి, ఇసుక, ఎడారీకరణ

తెలుగు రాష్ట్రాల్లో ఎడారి లేదు. అయితే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి నది ఎండిన గర్భం నుంచి నైరుతి గాలులకు లేచిన ఇసుక పొలాలపై దిబ్బలుగా పేరుకొన్నది. పశ్చిమ కనుమలకు తూర్పున వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్న ఆ జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల స్థాయిలోనే ఉంటుంది.

గాలి ఇసుకను మూడు విధాలుగా కదిలిస్తుంది. సన్నని ధూళి గాలిలో తేలి దూరప్రాంతాలకు పోతుంది. ముతక రేణువులు నేలపై దొర్లుతాయి. మధ్యస్థ పరిమాణం గల రేణువులు గెంతుతూ ముందుకు సాగుతాయి. దీనిని సాల్టేషన్ అంటారు. గాలి వల్ల కదిలే మట్టిలో సగానికి పైగా ఈ విధంగానే, అదీ ఎక్కువగా నేల నుంచి ఒక అడుగు ఎత్తులోపే కదులుతుంది. ఈ ఒక్క విషయం తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త కోత తరువాత మోళ్లను పొలంలోనే నిలిపి ఉంచమని ధైర్యంగా చెప్పగలడు. జానెడు ఎత్తు మోడు కూడా గెంతే రేణువుకు అడ్డుగోడ అవుతుంది. గాలివాటుకు అడ్డంగా పెంచిన చెట్ల వరుస తన ఎత్తుకు 10 నుంచి 20 రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది.

'ఎడారీకరణ' అనే పదం విన్నవారికి ఈ ఇసుక దిబ్బలే స్ఫురిస్తాయి. ఈ పదం ఎక్కువగా అపార్థానికి గురయ్యేది ఇక్కడే. 1994లో రూపొందిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం శుష్క, అర్ధశుష్క, పొడి ఉపార్ద్ర ప్రాంతాల్లో శీతోష్ణస్థితి మార్పుల వల్లనూ మానవ కార్యకలాపాల వల్లనూ జరిగే భూక్షీణతే ఎడారీకరణ. ఇసుక కనిపించవలసిన అవసరమే లేదు. పైమట్టి పోయి గులకరాళ్లు తేలిన చెలక, సేంద్రియ కర్బనం తగ్గిన మెట్ట భూమి, చౌడుబారిన ఆయకట్టు భూమి కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. వార్షిక వర్షపాతాన్ని సంభావ్య బాష్పోత్సేకంతో భాగించగా వచ్చే నిష్పత్తి 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే అది అర్ధశుష్క ప్రాంతం. తెలంగాణ, రాయలసీమల్లో విశాల భాగాలు ఈ తరగతికి చెందుతాయి. 'మన ఊరికి ఎడారి రాదు' అని నిశ్చింతగా ఉన్న రైతుకు, ఎడారీకరణ బయటి నుంచి నడిచివచ్చేది కాదని, తన పొలంలోనే మొదలవుతుందని వివరించటం విస్తరణ బాధ్యత.

వాతావరణం, శీతోష్ణస్థితి

తెలుగులో 'వాతావరణం' అనే ఒకే మాట మూడు అర్థాల్లో వాడుకలో ఉంది: భూమిని ఆవరించిన వాయు పొర, ఈనాటి ఎండవానల స్థితి, దీర్ఘకాలపు ధోరణి. మూడవ అర్థానికి శాస్త్ర గ్రంథాలు 'శీతోష్ణస్థితి' అనే పదాన్ని వాడతాయి. సాధారణంగా 30 సంవత్సరాల సగటుతో దానిని లెక్కిస్తారు. 'వాతావరణ మార్పు' అని సభలో చెప్పినప్పుడు వృద్ధ రైతు నిన్నటి ఎండ, నేటి మబ్బు గురించి ఆలోచించటంలో తప్పులేదు. అతనికి తెలిసిన అర్థం అదే. ఏ పంట, ఏ రకం వేయాలన్నది శీతోష్ణస్థితికి సంబంధించిన నిర్ణయం. ఈ వారం మందు పిచికారీ చేయాలా వద్దా అన్నది నేటి వాతావరణ స్థితికి సంబంధించిన నిర్ణయం. రెండింటికీ ఒకే మాట వాడితే వినేవారు తికమకపడటం సహజం.

భారత వాతావరణ శాఖ వాడే 'సాధారణ వర్షపాతం' అనే పదానిదీ ఇదే పరిస్థితి. జిల్లా స్థాయిలో సగటు కంటే 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ వరకు కురిసిన వర్షాన్ని 'సాధారణం'గా వర్గీకరిస్తారు. 20 నుంచి 59 శాతం తగ్గితే అది లోటు. రైతు దృష్టిలో సాధారణ వర్షమంటే పంటకు చాలినంత వర్షం. సీజను మొత్తం లెక్కలో 'సాధారణం'గా ముగిసిన జిల్లాలో కూడా పూతదశలో మూడు వారాల బెట్ట వచ్చి పంట ఎండిపోవచ్చు. అంకె నిజమే, రైతు దుఃఖమూ నిజమే. వర్షపు మొత్తంతోపాటు దాని విస్తరణను, బెట్ట రోజుల సంఖ్యను కూడా చెప్పినప్పుడే ఆ రెండు నిజాలూ పొసగుతాయి.

పీడన వ్యవస్థల పేర్లు గాలి వేగాన్ని అనుసరించి ఏర్పడ్డాయి. అల్పపీడనం బలపడి గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 అయితే తుపాను, 89 నుంచి 117 అయితే తీవ్ర తుపాను. ఈ మెట్లు వర్షాన్ని కొలవవని గుర్తించాలి. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటింది తీవ్ర వాయుగుండమే. తుపాను స్థాయిలో తీరం దాటలేదు. అదే వ్యవస్థ తెలంగాణ మీదుగా సాగి హైదరాబాదును ముంచెత్తింది. 'తుపాను కాదు, వాయుగుండమే' అని విని కోసిన వరిని పొలంలో వదిలిన రైతుకు ఆ భేదం ఏ విధంగానూ అక్కరకు రాదు. అందువల్ల గాలి హెచ్చరికను, వాన హెచ్చరికను విడివిడిగా చెప్పాలి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలను గ్రామాలకు చేరవేసేవారు ఈ అంకెలను పంట పనుల భాషలోకి మార్చి చెప్పటం అవసరం.

తీరం: ఉప్పెన, పోటు, చౌడు

1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. తుపాను గాలులు సముద్రజలాన్ని తీరం మీదికి నెట్టగా, లోతు తక్కువైన తీరప్రాంత సముద్రంలో నీటిమట్టం సుమారు 5 మీటర్ల మేర పెరిగి గ్రామాలపై పడింది. సుమారు 10 వేల మంది మరణించారు. 2004 డిసెంబరు 26న వచ్చినది సునామీ. సముద్రగర్భంలోని భూకంపం దానికి మూలం. ఆటుపోట్లు వీటికి భిన్నమైనవి. చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల ప్రతిదినం జరిగేవి, అమావాస్య పౌర్ణములకు అధికమయ్యేవి. ఉప్పెనకు ముందు తుపాను హెచ్చరిక ఉంటుంది. సిద్ధపడటానికి రోజుల వ్యవధి దొరుకుతుంది. సునామీకి దొరికేది గంటలు మాత్రమే. ఉప్పెన పోటు సమయంలో వస్తే నీటిమట్టం మరింత పెరుగుతుంది. పేరు మారితే తప్పించుకునే వ్యవధి కూడా మారుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదులోనే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రాన్ని నిర్వహిస్తున్నది.

తీరంలోనూ క్రమక్షయం, నిక్షేపణం పక్కపక్కనే జరుగుతాయి. గోదావరి తెచ్చిన ఇసుకను తీరం వెంట సాగే ప్రవాహాలు పోగుచేయగా కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుక తిన్నె ఏర్పడింది. దానికి సమీపంలోని ఉప్పాడలో సముద్రం ఏటేటా ఊరిని కోస్తున్నది. అలలు కోసిన చోటనే అడ్డుగోడ కడితే సరిపోదనీ, ఇసుక ఎక్కడి నుంచి వస్తున్నది, ఎక్కడికి పోతున్నది అన్న లెక్క కూడా చూడాలనీ ఈ రెండు ప్రదేశాలు బోధిస్తున్నాయి.

వ్యవసాయానికి తీరంలో ప్రధానమైన పదం 'ఉప్పునీటి చొరబాటు'. తీరప్రాంత ఇసుక పొరల్లో మంచినీరు బరువైన ఉప్పునీటిపై తేలుతుంది. సాంద్రతల భేదాన్ని బట్టి, సముద్రమట్టానికి ఒక మీటరు పైన మంచినీరు ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు నిలవగలదని సిద్ధాంతం చెబుతుంది. అంటే ఫిల్టర్ పాయింట్లతో అతిగా తోడి నీటిమట్టాన్ని ఒక మీటరు దించితే కాలక్రమంలో ఉప్పునీరు 40 మీటర్లు పైకి రాగలదు. ఉపరితలం మీదుగా వచ్చే ఉప్పెనకు, అడుగు నుంచి వచ్చే ఈ చొరబాటుకు నివారణలు వేరు. మొదటిదానికి కరకట్టలు, మడ అడవులు రక్షణ. రెండవదానికి తోడకాన్ని తగ్గించటం, మంచినీటిని భూమిలోకి ఇంకించటం.

ఉప్పు చేరిన నేలను కార్యాలయ పత్రాల్లో తరచుగా 'చౌడు' అని ఒకే మాటతో నమోదు చేస్తారు. రైతులు మాత్రం పాలచౌడు, కారుచౌడు అని రెండుగా విభజిస్తారు. ఈ విభజన శాస్త్రసమ్మతమైనది. పాలచౌడు లవణ నేల: విద్యుత్ వాహకత 4 డెసిసైమన్లకు మించి, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటుంది. మురుగుకాల్వలు ఏర్పరచి మంచినీటితో లవణాలను కడిగివేయటం దీనికి చికిత్స. కారుచౌడు క్షార నేల: ఉదజని సూచిక 8.5కు మించి, మార్పిడి చెందే సోడియం 15 శాతానికి పైగా ఉంటుంది. దీనికి జిప్సం వేసిన తరువాతనే నీటితో కడగాలి. పాలచౌడుకు అవసరం లేని జిప్సం వేయిస్తే డబ్బు వృథా. కారుచౌడును జిప్సం లేకుండా కడిగితే నేల మరింత బిగుసుకుపోతుంది. రైతు నోటి మాటను విని, భూసార పరీక్షతో సరిచూసుకున్న అధికారికి ఈ పొరపాటు జరగదు.

ముగింపు

కొత్తగా విస్తరణ రంగంలో ప్రవేశించేవారు ప్రతి పదాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించుకోవటం మంచిది. ఈ పదం సూచించే ప్రక్రియలో కదిలేది ఏది? ఏ కాలవ్యవధిలో కదులుతుంది? ఆ ఊరి రైతు దానిని ఏమని పిలుస్తాడు? మొదటి ప్రశ్న శైథిల్యాన్ని క్రమక్షయం నుంచి, రెండవది శీతోష్ణస్థితిని నేటి వాతావరణం నుంచి, మూడవది పాలచౌడును కారుచౌడు నుంచి వేరుచేస్తుంది.

ఈ పరీక్షకు దూరప్రయాణం అవసరం లేదు. పెద్దవాన కురిసిన సాయంత్రం జూబ్లీహిల్స్ వాలు నుంచి దిగిన నీరు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధుల గుండా అమీర్‌పేట పల్లానికి పరుగెత్తుతుంది. వాన వెలిసిన తరువాత రోడ్డు అంచున మిగిలిన గరుకు ఇసుక గ్రానైట్‌లో చివకని క్వార్ట్జ్. అది గుట్టపై విడిపోవటం శైథిల్యం, వీధి వెంట దిగిరావటం క్రమక్షయం, పల్లంలో నిలవటం నిక్షేపణం. వసతిగృహపు మెట్ల దగ్గర ఆ ఇసుకను పిడికిట పట్టి చూసిన విద్యార్థి రేపు చెలక రైతు ముందు ఆ మూడు మాటలను తడబడకుండా చెప్పగలడు.